సింగపూర్ కాపురం గురించి పర్లాకిమిడి అరుగు మీద అడిగే ప్రశ్నలు

ఏటా జూన్‌లో, ఒడియావాళ్ళ రజ పండగ ముందు, పిల్లలిద్దర్నీ తీసుకుని సింగపూర్ నుంచి ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి వస్తాను. ఆటో దిగి అమ్మావాళ్ళ అరుగు మీద సంచులు పెట్టానో లేదో ఎదురింటి పిన్ని వచ్చేస్తుంది: "ఏటమ్మా, అక్కడ మన బియ్యం దొరుకుతాయేటి?" సాయంత్రానికి బరంపురం నుంచి మా ఆడపడుచు ఫోను. మర్నాడు గుణుపురం నుంచి ఆవిడ తోటికోడలు. ఆ తర్వాత రాయగడ నుంచి ఎవరో నాకు ముఖం తెలీని అబ్బాయి. ఏడేళ్ళుగా అవే ప్రశ్నలు. చెప్పి చెప్పి నోరు నొచ్చి ఈసారి రాసి పెడుతున్నాను. నేను ఏజెంటుని కాను, ఆఫీసులో పనిచేసేదాన్నీ కాను. అక్కడ కాపురం చేస్తున్నదాన్ని, అంతే. రూల్సూ, జీతాల హద్దులూ అక్కడి ప్రభుత్వం తరచు మారుస్తుంటుంది. ఇక్కడ రాసినవి 2025 నాటివి. టికెట్ కొనేముందు మీరూ ఓసారి సరిచూసుకోండి.

అంత దూరం ఎలా వెళ్తారమ్మా?

దూరమేం కాదు. విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటలు. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. పర్లాకిమిడి నుంచి భువనేశ్వర్‌కి బస్సులో పోవడానికి అంతకంటే ఎక్కువ టైము పడుతుంది. బరంపురం వాళ్ళు రైలెక్కి విశాఖలో దిగితే సరిపోతుంది.

మా ముత్తాత గోపాలపూర్‌లో ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళాడు. మన గంజాం, శ్రీకాకుళం వైపు ఆ రోజుల్లో ఇంటికొకరు రంగం వెళ్ళినవాళ్ళే. ఉత్తరం ముక్క రావడానికి నెలలు పట్టేదట. మా అమ్మ ఇప్పుడు పొద్దున్న నేను ఏం కూర వండానో వీడియోలో చూసి, "ఆ వంకాయలు ముదిరిపోయాయే" అంటుంది.

మా తమ్ముడికి షిప్‌యార్డులో పని దొరికింది. మరదల్ని, గుంటని కూడా తీసుకెళ్ళొచ్చా?

అది వర్క్ పర్మిట్ అయితే కుదరదు. ఈ ముక్క ఏజెంట్లు ముందు చెప్పరు. అక్కడ పని చేసుకోవడానికి ముఖ్యంగా మూడు రకాల కార్డులున్నాయి: పెద్ద జీతాలకి ఎంప్లాయ్‌మెంట్ పాస్, మధ్యరకం వాళ్ళకి ఎస్ పాస్, షిప్‌యార్డు, బిల్డింగు పనులకి వర్క్ పర్మిట్. మొదటి రెండింటిలో ఉన్నవాళ్ళ నెల జీతం కనీసం 6,000 సింగపూర్ డాలర్లు ఉంటేనే పెళ్ళాం పిల్లలకి డిపెండెంట్ పాస్ ఇస్తారు. డాలరంటే అరవై పైచిలుకు రూపాయలని లెక్కేసుకోండి. వర్క్ పర్మిట్ మీద వెళ్ళినవాడికి జీతం ఎంతున్నా సరే, కుటుంబాన్ని తెచ్చుకునే దారి లేదు.

ఇంకోమాట. ఐపీఏ అని ఒక మంజూరు ఉత్తరం వస్తుంది. జీతం ఎంత, కోతలు ఎంత అన్నీ అందులో రాసుంటాయి. ఆ కాగితం చేతికి రాకుండా, ఎవరితోనైనా చదివించుకోకుండా అప్పు చేసి డబ్బు కట్టొద్దని తమ్ముడికి చెప్పండి. ఆదివారం సాయంత్రం మనవాళ్ళ కొట్లుండే లిటిల్ ఇండియా పేటలో నడుస్తుంటే వెనకనుంచి "ఏటి బావా, ఇంటికి ఫోన్ చేసినావేటి?" అని వినబడుతుంది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం యాస. మా ఆయన ప్రతిసారీ వెనక్కి తిరుగుతారు. ఆ అబ్బాయిల్లో సగంమంది తాము తెచ్చిన అప్పు తీర్చడానికే మొదటి ఏడాది పనిచేస్తున్నామంటారు.

ఏ కాగితాలు కావాలి? పాస్‌పోర్టు ఉంది కదా, చాలదా?

చాలదు. మన సరిహద్దు వాళ్ళకి అసలు చిక్కంతా ఇక్కడే.

డిపెండెంట్ పాస్‌కి పెళ్ళి రిజిస్ట్రేషన్ పత్రం, పిల్లల జనన పత్రాలు అడుగుతారు. ఇంగ్లీషులో లేని పత్రానికి తర్జుమా జత చెయ్యాలి. ఇంతవరకు అందరికీ ఉన్నదే. మనకి వేరేగా ఉన్నది పేర్ల గొడవ. ఒడియాలో 'వ'ని 'బ' అని పలుకుతారు, అలాగే రాస్తారు. మా ఆయన బరంపురం బళ్ళో చేరేటప్పుడు మావగారు "శ్రీనివాసరావు" అని చెప్తే గుమాస్తాగారు "శ్రీనిబాస రావు" అని రాసుకున్నారు. పదో తరగతి సర్టిఫికెట్టు, డిగ్రీ రెండూ అలాగే వచ్చాయి. పాన్ కార్డు ఆయన విశాఖలో ఉద్యోగం చేసేటప్పుడు తీసుకున్నది, అందులో 'వి' ఉంది. పాస్‌పోర్టులో 'వి'. మా పాప జనన పత్రంలో తండ్రి పేరు మళ్ళీ 'బి'. అవతలివాళ్ళకి మన బకారం వకారం గొడవ ఎలా తెలుస్తుంది? శ్రీనివాస్ వేరు, శ్రీనిబాస్ వేరు. "ఈ అమ్మాయి తండ్రి ఎవరు?" అని మర్యాదగానే అడిగారు. ఆ ఒక్క అక్షరానికి రెండు నెలలు, మూడుసార్లు భువనేశ్వర్, ఒక అఫిడవిట్టు.

రెండోది ఇంటిపేరు. మనం ముందు రాసుకుంటాం, ఒడియావాళ్ళు చివర రాస్తారు. మా ఇంట్లో అన్నయ్య కాగితాల్లో ఇంటిపేరు ముందు, నా కాగితాల్లో వెనక, చెల్లి రేషన్ కార్డులో అసలు లేదు. కొందరికి బళ్ళోనే వెనక 'పాత్రో' తగిలించేశారు. సింగపూర్‌లో పెళ్ళాం మొగుడి ఇంటిపేరు పెట్టుకోవాలనేం లేదు, ఎవరి పేరు వాళ్ళదే. కాబట్టి పెళ్ళయ్యాక పేరు మార్చుకుంటే మంచిదేమో అని తొందరపడకండి. పాస్‌పోర్టులో ఎలా ఉందో దాన్నే పట్టుకుని మిగతావన్నీ దానికి సరిపెట్టుకోండి. ఉద్యోగం ఖాయం అయ్యాక కాదు, ఇవాళే బీరువా తీసి పత్రాలన్నీ నేలమీద పరిచి ఒక్కో అక్షరం కలిపి చూసుకోండి.

పిల్లల టీకా కార్డు మర్చిపోవద్దు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి తట్టు, డిఫ్తీరియా టీకాలు వేసినట్టు రుజువు చూపిస్తేనే పాస్ ఇస్తారు, 2019 నుంచి ఈ నియమం. అంగన్‌వాడీ దీదీ ఒడియాలో రాసిచ్చిన కార్డు మీద తేదీలు చెరిగిపోయి ఉంటే ఆస్పత్రిలో ఇంగ్లీషులో మళ్ళీ రాయించుకోండి.

ఇల్లు ఎలా దొరుకుతుంది? అద్దె ఎంత?

అక్కడ నూటికి దాదాపు ఎనభైమంది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. హెచ్‌డీబీ అంటారు. మేమూ అందులోనే, పదో అంతస్తు. ప్రకటనలో 'త్రీ రూమ్' అని చూసి మూడు పడగ్గదులు అనుకోకండి. హాలుని కూడా ఒక గదిగా లెక్కేస్తారు, పడగ్గదులు రెండే. మేం నెలకి 2,600 డాలర్లు కడుతున్నాం. రూపాయల్లోకి మార్చి మా మావగారికి చెప్తే రెండు రోజులు మాట్లాడలేదు.

హెచ్‌డీబీ ఇల్లు ఆరు నెలలకి తక్కువ అద్దెకివ్వకూడదు. సాధారణంగా ఏడాదికో రెండేళ్ళకో రాసుకుంటారు. ఏడాదికైతే ఒక నెల, రెండేళ్ళకైతే రెండు నెలల అద్దె అడ్వాన్సు. స్టాంపు డ్యూటీ అద్దెకుండేవాళ్ళే కట్టాలి, మొత్తం అద్దెలో 0.4 శాతం. ఉద్యోగం పోయినా, వేరే దేశం పంపించేసినా మధ్యలో ఖాళీ చేసే వీలుండేలా ఒక షరతు రాయించుకోవచ్చు, దాన్ని డిప్లొమాటిక్ క్లాజ్ అంటారు. అడగకపోతే ఎవరూ రాయరు.

మేం మోసపోయిన వైనం కూడా చెప్తాను. ఇండియాలో ఉండగానే ఫోన్లో ఫొటోలు చూసి, ఏజెంటునన్నవాడికి "ఇల్లు పట్టి ఉంచడానికి" అని 800 డాలర్లు పంపించాం. వెళ్ళి చూస్తే ఆ తలుపు తీసింది ఒక చైనా ముసలమ్మ. అది ఆవిడ సొంతిల్లు, అద్దెకివ్వాలన్న ఆలోచనే ఆవిడకి లేదు. పాపం, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. అక్కడ ఏజెంట్లందరి పేర్లూ ఫోన్ నంబర్లూ ప్రభుత్వ జాబితాలో ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. అసలు హెచ్‌డీబీ అద్దెల్లో ఏజెంటు డబ్బు తన చేత్తో తీసుకోకూడదు, యజమానికే నేరుగా కట్టాలి. ఈ ఒక్క సంగతి ముందు తెలిసుంటే ఆ 800 మిగిలేవి.

ఇంటి ప్రకటనల్లో "లైట్ కుకింగ్ ఓన్లీ" అంటే?

మీరు పోపు పెట్టకూడదని అర్థం. నవ్వకండి, నిజమే. చైనా యజమానులు కొందరు మన కూరల వాసనకి జడుస్తారు. ఆ ముక్క ఉన్న ఇల్లు చవగ్గా వచ్చినా తీసుకోవద్దు. ఎండుమిరపకాయ నూనెలో వేసిన ప్రతిసారీ గుండెలు దడదడలాడుతూ బతకడం దేనికి? ముందే చెప్పేయండి: రోజూ వండుతాం, ఆవాలు చిటపటలాడతాయి, చేపల కూర ఉంటుంది అని. ఒప్పుకున్నవాళ్ళ ఇంట్లోనే చేరండి.

మిక్సీ, కుక్కరు పట్టుకెళ్ళాలా?

కుక్కరు పట్టుకెళ్ళండి. మిక్సీ కూడా పనిచేస్తుంది, కరెంటు మనలాగే 230 వోల్టులు. ప్లగ్గు మాత్రం దూరదు, అక్కడివి పలకల పిన్నులు. మార్చే అడాప్టరు అక్కడే దొరుకుతుంది. బియ్యం, పప్పులు, కరివేపాకు, ములక్కాడ, గోంగూర అన్నీ లిటిల్ ఇండియాలో టెక్కా మార్కెట్లోనూ, ముస్తఫా అనే పెద్ద కొట్లోనూ ఉంటాయి. సోనా మసూరి బస్తా లిఫ్టులో పైకి తెచ్చుకోవడమే కష్టం. పప్పులో కూరగాయ ముక్కలు వేసి దాల్మా చేస్తే ఆంధ్రా స్నేహితులు "సాంబారులో చింతపండు మర్చిపోయారా?" అంటారు. ఒడియావాళ్ళేమో "ఇంత కారమేంటి?" అంటారు. మన వంట ఎక్కడా ఎవరికీ పూర్తిగా నచ్చదు, అలవాటు చేసుకోండి.

పట్టుకెళ్ళకూడనివి ఏవి?

గసగసాలు. ఒడిశాలో పెరిగిన మనకి పోస్తు లేనిదే గుమ్మడికాయ కూర ఉండదు కదా, అందుకే అన్నిటికంటే ముందు దీని గురించే చెప్తున్నాను. సింగపూర్‌లో గసగసాల్ని మత్తుమందుల లెక్కలో చూస్తారు. వాళ్ళ అనుమతి లేకుండా తేకూడదు. కూరల పొడి అత్తగారు ఇంట్లో కొట్టి ఇస్తే అందులో గసగసాలు వేశారేమో అడగండి. అక్కడ నేను పోస్తుకి బదులు జీడిపప్పు, తెల్ల నువ్వులు నూరుతున్నాను. ఆ రుచి రాదు.

రెండోది బరంపురం మావయ్యలకి: జర్దా, గుట్కా, ఖైనీ ఏవీ కుదరవు, నమిలే పొగాకంతా నిషేధమే. తమలపాకూ వక్కా లిటిల్ ఇండియాలో కొనుక్కోవచ్చు. నమిలాక వీధిలో ఉమ్మితే జరిమానా. మా మావగారు వచ్చినప్పుడు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా జేబులో పెట్టుకుని తిరిగారు, దాని కథ వేరు.

చూయింగ్ గమ్ 1992 నుంచి నిషేధం. సిగరెట్లకి ఒక్కదానిక్కూడా సుంకం మినహాయింపు లేదు. మాంసం పచ్చళ్ళు, మాంసంతో చేసినవేవీ మన దేశం నుంచి తేకూడదు. మందులు మూడు నెలలకి సరిపడా తెచ్చుకోవచ్చు, డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోండి. నిద్రమాత్రలూ, గట్టి నొప్పి మాత్రలూ అయితే ముందే అనుమతి తీసుకోవాలి.

మొగుడు ఆఫీసుకెళ్ళాక మీరేం చేస్తారు?

ఈ ప్రశ్న నన్నెవరూ గట్టిగా అడగరు. వెళ్ళబోయే ఆడపిల్లలు వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు.

నేను బీఈడీ చేశాను. బరంపురంలో ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. అక్కడ డిపెండెంట్ పాస్ మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం చెయ్యాలంటే 2021 మే నుంచి సొంతంగా వర్క్ పాస్ తెచ్చుకోవాల్సిందే. అంతకుముందు అనుమతి ఉత్తరం ఉంటే చాలేది. "ఇంట్లోనే అప్పడాలు ఒత్తి అమ్ముకుంటే?" అంటారు. అదీ పనికిందకే వస్తుంది, కూడదు. ట్యూషన్లూ అంతే.

మొదటి ఏడాది చాలా కష్టంగా గడిచింది. ఆయన ఎనిమిదింటికి వెళ్తే రాత్రి ఎనిమిదికి. పదో అంతస్తు కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఇంకో పదో అంతస్తు. ఇక్కడైతే వీధిలోకి వస్తే ఎవరో ఒకరు "తిన్నావేటి?" అంటారు. అక్కడ లిఫ్టులో అందరూ ఫోనే చూసుకుంటారు. నాకు మొదటి పరిచయం చీర వల్ల అయింది. అక్కడ బట్టలు కిటికీ బయటికి పొడవాటి వెదురు గడలు గుచ్చి ఆరేస్తారు. మా పెరట్లో దండెం మీద వేసినట్టే చీర మడత లేకుండా వేశాను. ఆరు గజాలు, అంచు కింద తొమ్మిదో అంతస్తు కిటికీని పూర్తిగా కప్పేసింది. కాసేపటికి బెల్లు. మలయా ముసలాయన, తడిసిన చేతులు తుడుచుకుంటూ, "ఆంటీ, మై హౌస్ నో సన్ లా" అన్నాడు. సిగ్గుతో చచ్చాను. ఆయనే నాలుగు మడతలు వేసి క్లిప్పులు ఎక్కడ పెట్టాలో చూపించాడు. మర్నాడు వాళ్ళావిడ పండన్ ఆకులు తెచ్చిచ్చింది, నేను కరివేపాకు రెబ్బలు ఇచ్చాను. ఆవిణ్ణి మాక్‌చిక్ అంటాను, మన పిన్ని లాగ. ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం ఏదో ఒక గిన్నె పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటుంది.

మీకు చెప్పేది ఒకటే. మీరు ఉద్యోగం చేస్తున్నవాళ్ళయితే వెళ్ళకముందే ఇద్దరూ కూర్చుని ఈ సంగతి మాట్లాడుకోండి. "అక్కడికెళ్ళాక చూద్దాం" అన్న మాటని నమ్మకండి. నేను నమ్మాను.

పిల్లలు ఏ బళ్ళో చదువుతారు? తెలుగు ఉంటుందా?

రెండు దారులు. సీబీఎస్‌ఈ చెప్పే ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూళ్ళున్నాయి, ఫీజు గట్టిగా ఉంటుంది, ఎప్పుడు తిరిగొచ్చేసినా చదువు చెడదు. రెండోది ప్రభుత్వ బడి. విదేశీ పిల్లలకి అక్కడి పిల్లలందరి తర్వాతే సీటు. మధ్య తరగతుల్లో చేరాలంటే ఏఈఐఎస్ అనే పరీక్ష రాయాలి, ప్యాసైనా సీటు ఖాయం కాదు. బడి ఏడాది జనవరిలో మొదలవుతుంది. ఆరో క్లాసు చివర పీఎస్‌ఎల్‌ఈ అని పెద్ద పరీక్ష ఉంటుంది, దాని పేరు చెప్తే పిల్లలకంటే తల్లులకి ముందు జ్వరం వస్తుంది.

ప్రభుత్వ బడిలో ప్రతి పిల్లా 'మాతృభాష' ఒకటి చదవాలి. చైనీస్, మలయ్, తమిళం. ఇవి కాక ఇండియన్ పిల్లలకి హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. ఒడియా కూడా లేదు. మా పాప హిందీ తీసుకుంది. ఆంధ్రా నుంచి వచ్చిన నా స్నేహితురాలు దీనికి కంటతడి పెట్టింది. నాకు మాత్రం కొత్తగా అనిపించలేదు. నేను పర్లాకిమిడిలో చదివింది ఒడియా మీడియం. బళ్ళో మాతృభాష అని రాసిన పుస్తకం నిండా గుండ్రటి ఒడియా అక్షరాలు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. తెలుగు చదవడం నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కణ్ణుంచి వచ్చే ఆంధ్రా బస్సుల బోర్డులు చూసి 'శ్రీకాకుళం', 'టెక్కలి' అని కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అందుకే నా తెలుగు రాతలో ఇప్పటికీ ఒత్తులు తప్పుతాయి.

మనం బాధపడాల్సింది ఏదైనా ఉంటే అది మన ఊరి గురించే. వాడుక భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే మేష్టారుగా పనిచేశారు. సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకి పుస్తకాలు రాశారు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై మా ఊరు అటు వెళ్తే ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. అలాంటి ఊళ్ళో పుట్టి, తెలుగు బస్సు బోర్డుల మీద నేర్చుకున్నదాన్ని, సింగపూర్ని ఏమని తప్పుపట్టను?

ఇంట్లో ఏం చేస్తామంటే, రాత్రి అన్నం దగ్గర ఇంగ్లీషు వద్దు. ఆదివారం అమ్మమ్మకి ఒక పేజీ ఉత్తరం, తెలుగులో. ఫొటో తీసి పంపితే అమ్మ తప్పులు దిద్దకుండా జవాబు రాస్తుంది. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది, ఉగాదికీ సంక్రాంతికీ అక్కడ పిల్లలు కలుస్తారు. మా పాపకి అక్కడ ఒక విచిత్రం: హైదరాబాద్ పిల్లలు దాని "ఏటి", "అలగే" విని నవ్వుతారు. నవ్వనీ.

జబ్బు చేస్తే?

వీధి చివర క్లినిక్కులుంటాయి. జ్వరానికి వెళ్తే మందులతో కలిపి మాకు నలభై యాభై డాలర్లు అవుతుంది. విదేశీయులకి ప్రభుత్వ సబ్సిడీ లేదు, అందుకని కంపెనీ ఇన్సూరెన్సులో పెళ్ళాం పిల్లల పేర్లు కూడా ఉన్నాయో లేదో చేరేముందే అడగండి. బడి మానితే డాక్టరిచ్చే ఎంసీ కాగితం ఇవ్వాలి, "మా అమ్మాయికి ఒంట్లో బాగోలేదు" అన్న ఉత్తరం పనిచేయదు. దోమల్ని అక్కడ చాలా పట్టించుకుంటారు. డెంగీ భయం. ఇన్‌స్పెక్టర్లు ఇంటికొచ్చి మొక్కల కుండీల కింద పళ్ళాలు కూడా ఎత్తి చూస్తారు. మా తులసికోట కింద నీళ్ళు నిలిచాయని ఒకసారి గట్టిగా హెచ్చరించి వెళ్ళారు. పళ్ళెం తీసేశాను.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి ఉంచుకోవచ్చా?

చుట్టపుచూపుగా అయితే సులువు, వీసా తీసుకుని మామూలుగా ఒక నెల ఉండొచ్చు. అక్కడ దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు అరైవల్ కార్డు ఆన్‌లైన్లో నింపాలి. అది ఉచితం, డబ్బడిగితే దొంగ సైటు. దీర్ఘకాలం ఉంచుకోవాలంటే కొడుకు నెల జీతం కనీసం 12,000 డాలర్లు ఉండాలి. అందరికీ అయ్యే పని కాదు. మా అత్తగారు వచ్చి ఇరవై రెండో రోజుకే "నన్ను పంపించెయ్యండర్రా" అన్నారు. పొద్దున్న ఏడైతే గానీ అక్కడ తెల్లారదు, ఏడాది పొడుగునా అంతే. ఆవిడ నాలుగున్నరకి లేచి సూర్యుడి కోసం కిటికీ దగ్గర కూర్చునేవారు.

జీతం బాగా మిగులుతుందా?

నెలనెలా జీతంలో పన్ను కొయ్యరు. అది చూసి మొదటి ఏడాది ఎంతో మిగిలిందని మురిసిపోయి బంగారం కొన్నాం. మరుసటి ఏడు మొత్తం ఏడాదికి సరిపడా పన్ను బిల్లు ఒక్కసారే వచ్చింది. నెలనెలా కొంత పక్కన పెట్టుకోండి. మన ప్రావిడెంట్ ఫండ్ లాంటి సీపీఎఫ్ పౌరులకీ, పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్ళకే. ఇంటికి డబ్బు పంపడం తేలిక, 2023 ఫిబ్రవరిలో మన యూపీఐకీ అక్కడి పేనౌకీ లంకె వేశారు, కొన్ని బ్యాంకుల వాళ్ళు ఫోన్లోనే పంపొచ్చు. ఇక్కడి సేవింగ్స్ ఖాతాని విదేశాల్లో ఉండేవాళ్ళ ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవడం మర్చిపోవద్దు.

పండగలు?

దీపావళికి సెలవుంది, ఉగాదికి లేదు. టపాకాయలు కూడదు, కాకరపువ్వొత్తులు వెలిగించుకోవచ్చు. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, శనివారాలు మన గుడిలాగే ఉంటుంది. మారియమ్మన్ గుడిలో నిప్పులు తొక్కుతారు. అది చూసి మా ఆయనకి బరంపురం ఠాకురాణీ జాత్ర గుర్తొచ్చింది. రెండేళ్ళకోసారి అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు దేశిబెహరా వీధికి వస్తుంది కదా, ఆ దేశిబెహరా మన తెలుగు నేతవాళ్ళ పెద్దే. చిన్నప్పుడు మా ఆయన ఆ జాత్రలో పులివేషం కట్టారట. ఫొటో మాత్రం చూపించరు.

అక్కడ మనల్ని తక్కువగా చూస్తారా?

ఇల్లు వెతికేటప్పుడు "ఇండియన్సా? సారీ" అని ఫోన్ పెట్టేసినవాళ్ళున్నారు. అబద్ధం చెప్పను. మిగతా చోట్ల పెద్దగా ఏం లేదు. ఇక్కడ ఒడియావాళ్ళకి మనం 'తెలెంగా'. విశాఖ వెళ్తే 'ఒరియావోళ్ళు'. సింగపూర్‌లో ఎవరైనా ముందు తమిళంలోనే పలకరిస్తారు. తమిళం రాదంటే "మరి హిందీనా?" అంటారు. మన గుంటలకి రెండు మూడు భాషలమధ్య పెరగడం పుట్టుకతో వచ్చిందే, కొత్త భాషంటే బెదురు తక్కువ. మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడే మాక్‌చిక్ దగ్గర మలయ్‌లో బిస్కెట్ అడగడం వచ్చేసింది.

పీఆర్ తీసుకుంటే మంచిదా?

ఆడపిల్లలున్న ఇంటికి ఒక లెక్క, మగపిల్లాడున్న ఇంటికి ఇంకో లెక్క. తల్లిదండ్రులతో పాటు పీఆర్ వచ్చిన మగపిల్లలు పెద్దయ్యాక రెండేళ్ళు సైన్యంలో పనిచెయ్యాలి. పౌరసత్వం తీసుకుంటే మన దేశానిది వదులుకోవాల్సిందే. మా ఇంట్లో దీనిమీద ఇంకా చర్చ నడుస్తోంది, మావగారు రోజుకో పక్షం.

ఊరగాయ కారకుండా ఎలా పట్టుకెళ్ళాలి?

ఇదే ఎక్కువమంది అడిగేది. ఆవకాయలో నూనె తక్కువ వేయించి ముక్కా పిండీ మాత్రమే తీసుకెళ్ళండి, నువ్వులనూనె అక్కడ కొని కలుపుకోవచ్చు. సీసా మూతి పొడిగుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ కవరు వేసి రబ్బరుబ్యాండు బిగించి, దానిమీద మూత. ఆ సీసాని పాత లుంగీలో చుట్టి పెట్టె మధ్యలో పెట్టి చుట్టూ బరంపురం అప్పడాలు సర్దకండి, విరిగిపోతాయి. బట్టలు సర్దండి. అప్పడాలు చేతిసంచిలో. పత్రాలు కూడా చేతిసంచిలోనే. మొదటిసారి నేను పత్రాల ఫైలు పెట్టెలో అడుగున పెట్టాను. మా పెళ్ళి సర్టిఫికెట్టు మీద, సరిగ్గా అఫిడవిట్టుతో 'బి'ని 'వి' చేయించిన చోట, ఆవకాయ నూనె చుక్క పడి అరచేతంత మరకైంది. కౌంటర్లో అమ్మాయి ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని, "వాట్ ఈజ్ దిస్, ఆంటీ?" అంది. మ్యాంగో అన్నాను. తలూపి ముద్ర వేసింది.